జపాను కారుకు నాలుగు సున్నాలు

రవాణా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. అందులో చివరి పంతొమ్మిదేళ్లు మహబూబ్‌నగర్ ఆఫీసులో, బండ్ల రిజిస్ట్రేషన్ సెక్షన్‌లో. ఒక్క ఫైలు పోగొట్టలేదు. ఒక్క రోజు సెలవు లెక్క తప్పలేదు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఇప్పుడు అవే కుర్చీల్లో కూర్చుంటున్న మీకు ఒక ఫైలు సంగతి చెప్పాలని రాస్తున్నాను. నేను ఎలాంటి మనిషినని పేరు తెచ్చుకున్నానో తెలియకపోతే ఆ సంగతి మీకు సగమే అర్థమవుతుంది.

నాకు ఆఫీసులో ‘స్కేలు మేడం’ అని పేరు. ఫారం మీద అంగుళం పక్కకు ఫొటో అంటించినా వెనక్కి ఇచ్చేదాన్ని. బయట చెట్టు కింద కూర్చునే ఏజెంట్లు కొత్తగా వచ్చిన వాళ్లకు ముందే చెప్పేవారట: “గా కౌంటర్కు పోకుండ్రి, స్కేలు మేడం ఉన్నది. ఇయ్యాల పోతే మళ్ల ఐతారం దాటినంకనే వస్తరు.”

మాది నల్గొండ పక్కన పానగల్ దగ్గరి ఊరు. నాయిన మట్టిపనికి పోయేవాడు, అమ్మ నాట్లకు పోయేది. నెల మొదటి తారీఖున జీతం అందుకున్న మొదటి మనిషి మా వంశంలో నేనే. కాగితం మీద తప్పు పడితే ఉద్యోగం పోతుందన్న భయం చేరిన రోజు నుంచే నాలో ఉంది. జనం దాన్ని క్రమశిక్షణ అనుకున్నారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఇక్కడ సున్నాల గురించి చెప్పాలి. ప్రతి బండికీ ఇనుము మీద కొట్టిన ఒక నంబరు ఉంటుంది. ఛాసిస్ నంబరు అంటాం. బండికి అదే పుట్టుమచ్చ. రిజిస్ట్రేషన్‌కు వచ్చినప్పుడు ఆ నంబరు మీద సన్నటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును ఫారానికి అంటిస్తాం. కంపెనీ బండ్లకు ఆ నంబరులో పదిహేడు అక్షరాలుంటాయి. కానీ మా జిల్లాలో ట్రాక్టరు వెనక తగిలించే ట్రాలీలను జడ్చర్ల, కొత్తకోట వైపు వెల్డింగు షాపుల్లోనే చేసేవారు. ఆ షాపాయన తన దగ్గరున్న అచ్చులతో నాలుగైదు అంకెలు కొట్టి పంపేవాడు. కంప్యూటర్లు వచ్చాక గడిలో పదిహేడు నిండకపోతే ముందుకు కదిలేది కాదు. ఒకరోజు కౌంటరు ముందు అరవై మంది రైతులు నిలబడి ఉంటే, ఆ ఖాళీని నేనే ముందు సున్నాలతో నింపాను. సెక్షన్ మొత్తం నన్ను చూసి నేర్చుకుంది. రాతపూర్వకంగా ఎవరూ అనుమతి ఇవ్వలేదు, ఎవరూ కాదనలేదు. ట్రాలీ నంబరు ఎవరు చూస్తారు?

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, మే నెల ఎండల్లో, ఆ కారు మా ఆవరణలోకి వచ్చింది.

నల్లగా, పొడుగ్గా ఉంది. ముందు భాగం మీద మనకు తెలిసిన గుర్తేదీ లేదు. చేసింది జపాను కంపెనీయే. ఆ కంపెనీ బండ్లు మన రోడ్ల మీద లెక్కలేనన్ని ఉన్నాయి. కానీ ఈ రకాన్ని వాళ్లు మన దేశంలో అమ్మరు. అక్కడి పెద్ద పెద్ద వాళ్లు వెనక సీట్లో కూర్చుని తిరిగే కారట. కొత్తకోట వైపు కాంట్రాక్టు పనులు చేసే ఒకాయన జపాను పోయినప్పుడు అందులో ఎక్కి, మనసు పడి, ముంబై రేవు గుండా తెప్పించుకున్నాడు. కారు ధర కంటే దాని మీద కట్టిన సుంకమే ఎక్కువ. అంత ఖర్చు ఎందుకంటే, జిల్లాలో ఇంకొకరి దగ్గర అది ఉండకూడదు. అంతే.

తనిఖీ చేయాల్సిన ఇన్‌స్పెక్టర్ సారు చేయాల్సినదాని కంటే పావుగంట ఎక్కువే లోపల కూర్చున్నాడు. బయటకు వచ్చి, “కారు కాదు మేడం, ఇల్లు. కిటికీలకు పర్దలు గూడ ఉన్నయ్. మీ స్కేలుతోని గూడ దీంట్ల తప్పు దొరకది” అన్నాడు.

యజమాని ఎప్పుడూ రాలేదు. కాగితాలతో డ్రైవరే వచ్చేవాడు. నలభై అయిదేళ్లుంటాయి. తెల్ల చొక్కా, జేబులో దువ్వెన. కారెక్కే ముందు చెప్పులు విడిచి, వాటిని పేపర్లో చుట్టి వెనక డిక్కీలో పెట్టడం చూసి నేనే అడిగాను.

“ఏందయ్యా, గుడిలెక్క చెప్పులు ఇడుస్తున్నవ్?”

“సీట్లు, కింద పరిచింది అంత ఉన్నిదే మేడం. మాది గొర్లు కాసే ఇల్లు. ఉన్నిని తొక్కబుద్ధి కాదు. మా అవ్వ గొంగళ్లకు ఉన్ని వడికేది. గీ ఉన్ని సూస్తే మా గొర్లు సిగ్గువడ్తయ్.”

పక్క సీట్లో ఉన్న మా జూనియర్ అసిస్టెంటు, ఇద్దరు పిల్లల తల్లి, నవ్వి, “మరి దాంట్ల ఏదో మాట్లాడుతదంట గద?” అంది.

“ఔ మేడం. ఒకామె మాట్లాడుతది, జపాను మాటల. ఎడమకు పొమ్మంటదో, కుడికి పొమ్మంటదో తెల్వది. సరే అక్కా, సరే అక్కా అనుకుంట నడుపుత. ఇంట్ల గూడ గంతే గద.”

నాకూ నవ్వొచ్చింది. ఆ కౌంటర్లో నేను నవ్వడం ఎవరూ చూసి ఉండరు.

చిక్కు పెన్సిలు అచ్చు దగ్గర వచ్చింది. బానెట్ ఎత్తి అతనే కాగితం పెట్టి రుద్ది తెచ్చాడు. లెక్కపెట్టాను. పదమూడే ఉన్నాయి. తమ దేశంలో తిరగడానికి చేసుకునే బండ్లకు వాళ్లు పొట్టి నంబరే కొడతారట. రేవులో కట్టిన సుంకం కాగితం మీదా అవే పదమూడు. మా గడికి మాత్రం పదిహేడు కావాలి. ఇలాంటప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు. హైదరాబాదుకు రాసి, రాతపూర్వకంగా అనుమతి తెప్పించుకోవాలి. నెల, రెండు నెలలు పడుతుంది. డ్రైవరు మూడుసార్లు తిరిగాడు. యజమాని మా ఆఫీసర్ గారికి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఆఫీసర్ గారు నన్ను పిలిచి, “జర తొందరగా చూడండి మేడం” అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కాబట్టి ఆ తప్పులో ఆయనకు భాగం పెట్టను.

నాలుగోసారి, గురువారం, నేను ముందు నాలుగు సున్నాలు కొట్టాను. గడి నిండింది.

డ్రైవరు అద్దం లోంచి స్క్రీను చూస్తున్నాడు. “మేడం, నాలుగు సున్నాలు ఎక్కువైనయ్. బండి మీద అయితే లెవ్వు.”

“డ్రైవింగు నీది, కాయిదం నాది. సంతకం పెట్టు.”

“తోవల ఎవరన్న ఆపి అడిగితే?”

“ఆఫీసు ఇచ్చిన కాయిదం ఎవరడుగుతరు? పెట్టు.”

“సరే అక్కా” అన్నాడు, ఆ కారులోని ఆమెకు చెప్పినట్టే. మా జూనియర్ మళ్లీ నవ్వింది. యజమాని తరఫున అతను సంతకం చేశాడు.

ఆ దసరాకు జిల్లాలు విడిపోయాయి. కొత్తకోట వనపర్తి జిల్లాలోకి పోయింది. అటువైపు యజమానుల ఫైళ్లన్నీ మూటలు కట్టి వనపర్తి కొత్త ఆఫీసుకు పంపమన్నారు. పదిహేను మూటలయ్యాయి. ఏ ఫైలు ఏ మూటలో ఉందో నేను జాబితా రాశాను. ఈ కారు ఫైలు తొమ్మిదో మూట. అక్కడ పెట్టడానికి జాగా లేదని ఆ మూటలు నెలల తరబడి మా గదిలోనే, నా కుర్చీ వెనకే ఉండిపోయాయి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, బెంగళూరు రోడ్డు మీద టోల్ గేటు దగ్గర ఆ కారును ఆపారు. దొంగ కాగితాలతో విదేశీ కార్లు తిరుగుతున్నాయని హైదరాబాదు నుంచి ఒక పోలీసు తనిఖీ బృందం వచ్చి ఉంది. ఆర్‌సీలో పదిహేడు, బండి మీద పదమూడు. కారులో డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. యజమానికి ఫోన్ చేస్తే, “కాగితాలన్నీ వాడే చేయించిండు, నాకేం తెలువదు” అన్నాడట. సుంకం కట్టేటప్పుడు కారు ధర తక్కువ చూపించాడన్న భయం ఆయనకు ఉండిందని, అందుకే రేవు కాగితాలు బయటపెట్టలేదని తర్వాత తెలిసింది. డ్రైవరు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆఫీసులో మేడం నా కళ్ల ముందే సున్నాలు పెట్టింది, అడగండి, అన్నాడు.

అడిగారు. పదకొండు నలభైకి మా సెక్షన్ ఫోను మోగింది. ఆఫీసర్ గారు మీటింగుకు పోయారు. నేనే ఎత్తాను.

అవతలి మనిషి తానెవరో చెప్పి, బండి నంబరు చెప్పి, “మేడం, మీ ఆఫీసుల ఛాసిస్ నంబరుకు ముందు సున్నాలు కలుపుతరా? డ్రైవర్ అట్లంటుండు” అన్నాడు.

అప్పటికి నా సర్వీసు ఇంకా ఎనిమిది నెలలు మిగిలి ఉంది. సున్నాలు పెట్టడం మొదలుపెట్టింది నేను. ఔనంటే ఈ ఒక్క కారుతో ఆగదు, అన్నేళ్ల ట్రాలీలన్నీ బయటికొస్తాయి. మెమో ఇస్తారు, విచారణ వేస్తారు, పెన్షన్ ఆపుతారు. ఇదంతా ఎంతసేపు ఆలోచించానంటే, ఒక ఊపిరి తీసుకున్నంతసేపు.

“మా ఆఫీసుల అట్ల చెయ్యం సార్. కాయిదంల ఏమున్నదో అదే ఎక్కిస్తం.”

“పక్కానా మేడం?”

“పక్కా.”

ఫోను పెట్టేశాను. మా జూనియర్ నన్నే చూస్తోంది. “మేడం… ఫైలు తొమ్మిదో మూటల ఉన్నది గద. పెన్సిల్ అచ్చు గూడ ఉన్నది. తీసి జిరాక్స్ పంపుదామా?”

“రాతపూర్వకంగ అడిగితే ఇద్దాం. ఫోన్ల మీద రికార్డు చెప్పొద్దని రూలు.”

అలాంటి రూలు ఉన్నమాట నిజమే. ఆ మంగళవారం వరకూ నేను దాన్ని పాటించింది లేదు.

నంబరు మార్చాడని, దొంగ కాగితాలు చేయించాడని కేసు పెట్టి డ్రైవరును జైలుకు పంపారు. అయిదో రోజు అతని భార్య వచ్చింది. నెత్తి మీద కొంగు, చేతిలో ఆర్‌సీ జిరాక్స్. కౌంటరు దగ్గర కాదు, లోపలికే వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“మేడం, మా ఇంటాయన కాయిదం మీ తాననే ఉన్నదంట. పెన్సిలుతోని రుద్దింది. గది సూపెడితే ఇడుస్తరని వకీలు సాబ్ చెప్పిండు.”

“వాళ్ల నుంచి లెటర్ రావాలమ్మా.”

“లెటర్ గూడ నేనే తెస్త. ఎవర్నడగాలె, జర చెప్పుండ్రి.”

“నువ్వు తెస్తే చెల్లదు. వాళ్లే పంపాలె.”

ఆమె నా కుర్చీ వెనక మూటల వంక చూసింది. “గీ మూటలల్ల ఏమున్నయ్ మేడం?”

“వనపర్తివి” అన్నాను. మా జూనియర్ లేచి నీళ్లు తాగడానికి బయటకు పోయింది.

లెటర్ నిజంగానే వచ్చింది, కాని వనపర్తికి. కొత్తకోట ఆ జిల్లాదే కదా. మా దగ్గర ఆ రికార్డు లేదు అని వాళ్లు జవాబు రాశారు. అదీ నిజమే. మళ్లీ రాసుకుని, మళ్లీ సంతకాలు పెట్టుకుని, ముప్పై ఎనిమిదో రోజున మా ఆఫీసుకు వచ్చింది. అదే రోజు మూట విప్పి, ఫైలు నకళ్లు, పెన్సిలు అచ్చు జతచేసి, జవాబు తయారుచేసి ఆఫీసర్ గారి సంతకానికి పెట్టాను. ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదని అప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఆ జవాబులో నేను రాసిన వాక్యం ఇది: ‘సాంకేతిక కారణముల వలన ఛాసిస్ నంబరు నమోదులో వ్యత్యాసము ఏర్పడినది.’

చదవండి. అందులో మనిషి లేడు. ఎవరూ ఏమీ చేయలేదు, తేడా దానంతట అదే ఏర్పడింది. ఆ కాగితంతో అతనికి బెయిలు దొరికింది. నలభై ఒకటో రోజున బయటికొచ్చాడు. కానీ తేడా ఎవరి వల్ల వచ్చిందో జవాబులో లేదు కాబట్టి, డ్రైవరు ఎవరి చేతనో చేయించి ఉండవచ్చన్న అనుమానం అలాగే మిగిలింది. కేసు కొట్టేయలేదు. అతను కోర్టు పేషీలకు తిరగసాగాడు. యజమాని ఆ కారును ఎవరికో అమ్ముకున్నాడని విన్నాను.

సెప్టెంబరు ఆఖరున నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. ఇన్‌స్పెక్టర్ సారు మైకు పట్టుకుని, “మేడం చేతుల మీదికెళ్లి ఒక్క అంకె గూడ తప్పు పోలే” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా జూనియర్ ప్లేటులో మిక్చరు ఏరుకుంటూ తల ఎత్తలేదు. పెన్షన్ మూడో నెలకే వచ్చింది, పైసా తేడా లేకుండా.

తర్వాత ఏడాదిన్నరకు ఆ జూనియరే ఫోన్ చేసింది. ఆడిట్ వాళ్లు వచ్చి ట్రాలీల సున్నాలు పట్టుకున్నారట. ఎవరు చేశారని అడిగితే తాను చేశానని ఒప్పుకుందట.

“నా పేరు చెప్పినవా?”

“లేదు మేడం. నా చేతుల పడ్డయి గూడ ఉన్నయ్ గద.”

“ఏం చేసిండ్రు?”

“ఏం జేస్తరు మేడం? ఒక మెమో ఇచ్చిండ్రు. ఇంక అట్ల చెయ్యనని రెండు లైన్లు రాసిచ్చిన. ఫైల్ చేసుకున్నరు. అయిపాయె.”

ఆమె నవ్వుతూనే చెప్పింది. నేను ఫోను పెట్టేశాను. ఒక మెమో. రెండు లైన్లు. నేను నలభై ఒక్క రోజులు ఒక మనిషిని లోపల ఉంచింది దీని కోసం.

ఆ వారమే బస్సెక్కి కొత్తకోట పోయి, అక్కడి నుంచి ఆటోలో అతని ఊరికి పోయాను. ఇంట్లో లేడు. ఊరవతల కందిచేను కోసేసిన చోట గొర్రెలు మేపుతున్నాడు. నన్ను చూసి లేచాడు. “మీరా మేడం? ఎండల వచ్చినరేంది?” అని గొంగడి పరిచి కూర్చోమన్నాడు.

నిలబడే చెప్పాను. ఆ రోజు ఫోను ఎత్తింది నేనేనని, అబద్ధం చెప్పానని.

“ఎర్కే మేడం. నేను ఇన్న.”

“నువ్వు వినడమేంది?”

“గాళ్లు ఫోను స్పీకర్ల పెట్టిండ్రు. మీ గొంతు గుర్తువట్టిన. ‘ఇన్నవా, నీ మేడం ఏమన్నదో’ అన్నరు.” చేతిలోని కట్టెతో నేల మీద గీశాడు. “గప్పటిదాంక నన్ను ఎవ్వలు ముట్టలే మేడం. ఫోను పెట్టేసినంక…”

పక్క చేను వైపు పోతున్న గొర్రెను అదిలించి తిరిగి వచ్చాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు.

“నన్ను మాఫ్ చెయ్యి” అన్నాను.

“మాఫీ ఏం జేసుకుంటం మేడం? పేషీకి రాండ్రి. గీ మాటనే గాడ చెప్పుండ్రి. పందొమ్మిది పేషీలు తిరిగిన. కేసు ఉన్నోనికి బండి ఎవ్వలు ఇస్తలేరు.”

వస్తానన్నాను. అతని వకీలు నాకు సమన్లు వేయించాడు. రెండుసార్లు వాయిదా పడింది, ఆ తర్వాత కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి. అతన్ని పట్టుకున్న రోజు నుంచి లెక్కిస్తే నాలుగున్నరేళ్లు దాటాక నేను బోను ఎక్కాను. సున్నాలు పెట్టింది నేనే. ఫోనులో లేదని చెప్పింది నేనే. ఫైలు నా కుర్చీ వెనకే ఉండింది. ఇంతే చెప్పాను. ఇంత కాలం ఎందుకు చెప్పలేదని జడ్జి గారు అడిగారు. భయపడ్డానన్నాను. ఆయన తల ఎత్తి ఒకసారి చూసి, రాసుకున్నారు. గోడ గడియారం చూశాను. అంతా కలిపి ఏడు నిమిషాలు.

తర్వాతి నెల కేసు కొట్టేశారు. అతను మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఆ చెయ్యితో పట్టలేడు కూడా.

పిల్లలూ, గడి నిండకపోతే నిండలేదని రాయండి, పైకి పంపండి, తిట్లు తినండి. ఇంతకు మించి నేను నేర్పగలిగింది లేదు. నాకు నేర్పిన మాట వేరే ఉంది. సాక్ష్యం చెప్పి బయటకు వచ్చినప్పుడు, కోర్టు గేటు దగ్గర అతని భార్య నా దగ్గరికి వచ్చింది. అతను వకీలు దగ్గర, నా వాంగ్మూలం నకలు కావాలని, ఊళ్లో చూపించాలని అడుగుతున్నాడు.

“మేడం, గీ మాట గప్పుడే అంటే మీకేం పోతుండె?” అంది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు అడిగింది.

జవాబు నాకు తెలుసు. మొదటిసారి ఆమెకు నిజం చెప్పాను. “ఏం పోయేది కాదమ్మా.”

ఆమె ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.

“ఏం పోకపోతే మరి ఎందుకట్ల జేసినవ్?”

బస్సు వచ్చేదాకా జవాబు కోసం అక్కడే నిలబడింది. తర్వాత అతన్ని పిలుచుకుని ఎక్కి వెళ్లిపోయింది.